పిడకల గోడ, యూరియా బస్తా

సంఘాల తనిఖీకి ఊళ్లోకి వెళ్లగానే ముందుగా కంటబడేవి గోడలకు కొట్టిన పిడకలు. వాటి విలువ పాల ఖాతాలో ఎక్కడా చేరదు గనుక ఎవరూ లెక్కపెట్టరు.

ప్రకృతి వనరులలో కొన్ని తిరిగి పుడతాయి. గడ్డి మొలుస్తుంది, గేదె మేస్తుంది, పేడ వేస్తుంది. ఆ పేడ పొలానికి చేరినంతకాలం నేలలో సారం నిలుస్తుంది. పిడక చేసి కాల్చితే నత్రజని చాలామటుకు పొగలో పోతుంది. బూడిదలో మిగిలేది పొటాష్, కొంత భాస్వరం. ఆ లోటు తీర్చడానికి పాలబిల్లు డబ్బుతో యూరియా కొంటున్నాము. యూరియా దేనితో తయారవుతుంది? రామగుండంలో 1980లో మొదలైన కర్మాగారం బొగ్గుతో నడిచి, 1999లో మూతపడింది. 2021లో అక్కడే ఉత్పత్తి మొదలుపెట్టిన కొత్త కర్మాగారం సహజవాయువుతో నడిచేది. బొగ్గైనా వాయువైనా తీసినకొద్దీ తరిగేవే. ఏటేటా పుట్టేదాన్ని కాల్చివేసి, మళ్లీ పుట్టనిదాన్ని కొని చల్లుతున్నామన్నమాట.

పిడకలు లేకపోతే పొయ్యి ఎట్లా వెలుగుతుందని ఇంట్లో ఆడవారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రెండు ఘనమీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ, అంతే నీరు కావాలి. నాలుగైదు పెద్ద పశువులుంటే ఐదారుగురికి వంట జరుగుతుంది. నత్రజని స్లర్రీలోనే నిలుస్తుంది. ఒక్క గేదె ఉన్నవారు మాత్రం దీని జోలికి పోవద్దు. పేడ చాలక మూలబడ్డ ప్లాంట్లు నేను చాలా చూశాను. వారు పిడకలు ఎండని వానాకాలపు పేడనైనా గుంటలో వేసి మట్టి కప్పాలి.

స్లర్రీని ఎండలో ఆరబెడితే నత్రజని గాలిలో కలుస్తుంది. నీడపట్టున గుంట తీసి, ఎండుటాకులు, పశువులు వదిలిన చొప్ప కలిపి అందులో నిలవచేయాలి.