దూరమునుండి నడుచు మోటారు

మన బోరుబావులకడ నుండు స్టార్టరు డబ్బాలలో నేడు సిమ్‌కార్డుతో పనిచేయు మోడెమొకటి చేరినది. అర్ధరాత్రమున త్రీఫేజు కరెంటు వచ్చిన తోడనే, పాములకును తెగిపడిన తీగలకును వెఱచుచు చీకటిలో చేనికి పరుగిడ నక్కఱలేక, రైతు తన యింటనుండియే సెల్‌ఫోనుతో మోటారును నడుపుకొనుచున్నాడు. ఇది సామాన్యమైన మేలు కాదు. కాని యింతటి మేలు చేయు సాధనమును బిగించునపుడు మనము చూపు నిర్లక్ష్యము నన్ను మిక్కిలి కలవరపెట్టుచున్నది.

మోడెమునకు నోరును చెవియు ఆంటెనాయే. ఇనుపరేకు రేడియో తరంగములను అడ్డగించును గనుక దానిని డబ్బాలోపల దాచరాదు. 900 మెగాహెర్ట్‌జుల తరంగము నిడివి సుమారు 33 సెంటీమీటర్లు. అందు నాల్గవపాలు, అనగా 8 సెంటీమీటర్లకు పైచిలుకు, ఆంటెనాకు తగిన కొలతలలో నొకటి. కావున దానిని వంచుటయు, కేబులును త్రుంచి మెలిపెట్టి యతుకుటయు తగవు. అట్లు చేసినచో వెలికి పోవలసిన శక్తి కొంత మోడెమునకే మరలివచ్చును. 2జీ మోడెము సంకేతము పంపునపుడు క్షణమాత్రము 2 ఆంపియర్లవఱకు కరెంటును గుంజును. బలహీనమైన అడాప్టరు చాలక అది ఆగిపోగా, మనము టవరును నిందింతుము.

అసలు భయము వేఱొకచోట నున్నది. డబ్బాలోని టెర్మినళ్లకు 415 వోల్టుల లైను వచ్చుచుండును. రేకు అంచున ఒరసికొని ఆంటెనా కేబులు తొడుగు చిరిగి, వదులై, ఆ టెర్మినళ్లలో దేనికైన తగిలెనేని, వెలుపల నెవరి కనుమానము కలిగింపక నిలిచియున్న ఆంటెనాకే కరెంటు ప్రాకును. దానిని ముట్టిన పసివాని గతి యేమి? కనుక కరెంటు పూర్తిగా తీసి, టెస్టరుతో చూచికొనిన తరువాతనే డబ్బా తెఱవవలెను. రంధ్రమును వాన దిగకుండ అడుగువైపున చేసి, దానికి రబ్బరు బుష్ తొడిగి, కేబులును మోటారు తీగలకు దూరముగా కట్టవలెను. డబ్బాకు సరియైన ఎర్తింగు లేనిచో ఈ జాగ్రత్తలన్నియు సగమే. మనుష్యులు మెలగు తావునకు ఆంటెనా కనీసము 20 సెంటీమీటర్ల యెడముగా నుండవలెను.

ఫోనుతో ఆపిన మోటారు ఆగినదే కాని, స్టార్టరులోనికి వచ్చు తీగలలో కరెంటు అట్లే యుండును. స్టార్టరును ఆటో పద్ధతిలో నుంచినచో, పోయిన కరెంటు మరల వచ్చినంతనే మోటారు తనంతట తానే తిరుగును. రైతు సోదరులారా, ఇంటనున్న కుమారుడు ఫోను నొక్కడని నమ్మకుడు. మెయిన్ స్విచ్చి దించి, ఫ్యూజులు ఊడదీసి, వానిని మీ జేబులో వేసికొనిన పిమ్మటనే మోటారుపై చేయి వేయుడు.