భాగం 9: ఐడిలింగ్‌లో ఇంజిన్ వణుకు – ఇగ్నిషన్ లోపాల కోడ్‌లు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• ఐడిలింగ్‌లో పెట్రోల్ ఇంజిన్ ఎందుకు వణుకుతుందో వివరించగలుగుతారు;
• మిస్‌ఫైర్ కోడ్‌కు, కాయిల్ సర్క్యూట్ కోడ్‌కు తేడా చెప్పగలుగుతారు;
• భాగాలు మార్చడానికి ముందే లోపాన్ని వరస క్రమంలో నిర్ధారించగలుగుతారు.

9.1 పరిచయం

"సిగ్నల్ దగ్గర ఆగితే బండి ఊగిపోతోంది, చెక్ ఇంజిన్ లైటు కూడా వెలిగింది." షెడ్డుకు తరచుగా వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి. స్కానర్ పెడితే 'పి0302' అని వస్తుంది. వెంటనే రెండో సిలిండర్ కాయిల్ మార్చేస్తారు. వణుకు తగ్గదు. తరవాత ప్లగ్గులు, ఆపైన ఇంజెక్టర్. ఇలా చేస్తే యజమాని డబ్బూ పోతుంది, మెకానిక్ మాటా పోతుంది.

స్కానర్ చూపే కోడ్ ఏ భాగం పాడైందో చెప్పదు. ఎక్కడి నుంచి వెతకాలో చెబుతుంది. ఈ భాగంలో మీరు నేర్చుకోవలసిన ముఖ్య విషయం ఇదే.

9.2 వణుకు ఐడిలింగ్‌లోనే ఎందుకు ఎక్కువగా తెలుస్తుంది?

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ప్రతి సిలిండర్ క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేలోగా ఒక్కసారి మండుతుంది. ఐడిలింగ్ వేగం నిమిషానికి 750 చుట్లు అనుకుందాం. ఒక్కో సిలిండర్ నిమిషానికి 375 సార్లు, నాలుగు సిలిండర్లు కలిసి 1500 సార్లు మండుతాయి. అంటే సెకనుకు 25 సార్లు. ఒక సిలిండర్ పనిచేయకపోతే సెకనుకు ఆరు తోపులు తప్పిపోతాయి. ఆ ఖాళీయే వణుకుగా తెలుస్తుంది. వేగం పెరిగినప్పుడు ఖాళీలు దగ్గరపడతాయి, ఫ్లైవీల్ చలనశక్తి వాటిని చాలావరకు కప్పేస్తుంది. అందుకే పరుగులో బాగున్న బండి ఆగినప్పుడు ఊగుతుంది.

సిలిండర్ మండడానికి మూడు కావాలి: సమయానికి స్పార్క్, సరైన పాళ్లలో గాలి–పెట్రోల్ మిశ్రమం, తగినంత కంప్రెషన్. వీటిలో ఏది లోపించినా మెకానిక్కులు 'మిస్సింగ్' అనే మిస్‌ఫైర్ వస్తుంది.

9.3 కోడ్ ఎలా పుడుతుంది?

సిలిండర్ మండిన ప్రతిసారీ క్రాంక్ షాఫ్ట్ కొద్దిగా వేగం పుంజుకుంటుంది. క్రాంక్ సెన్సర్ ద్వారా ఈసీయూ ఈ మార్పును గమనిస్తుంది. రెండో సిలిండర్ వంతు వచ్చినప్పుడు వేగం పెరగకపోతే పి0302 నమోదు చేస్తుంది. ఏ సిలిండర్ తప్పిందో దానికి తెలుసు. ఎందుకు తప్పిందో తెలియదు.

పి0352 సంగతి వేరు. అక్కడ ఈసీయూ కాయిల్ విద్యుత్ సర్క్యూట్‌నే గమనించి లోపం పట్టుకుంది. కాబట్టి అనుమానం కాయిల్ మీద, దాని కనెక్టర్ మీద, వైరింగ్ మీద ఉండాలి.

ముఖ్యమైన కోడ్‌లు:
పి0300 – ఒకటి కంటే ఎక్కువ సిలిండర్లలో, లేదా ఒక పద్ధతి లేకుండా మిస్‌ఫైర్
పి0301 నుంచి పి0304 – వరసగా 1 నుంచి 4 వరకు సిలిండర్లలో మిస్‌ఫైర్
పి0351 నుంచి పి0354 – ఆయా ఇగ్నిషన్ కాయిళ్ల సర్క్యూట్‌లో లోపం
పి0171 – మిశ్రమంలో పెట్రోల్ పాలు తక్కువ
పి0335 – క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం

చాలా ఇన్‌లైన్ ఇంజిన్లలో క్రాంక్ పుల్లీ వైపున్నది 1వ సిలిండర్. అయినా ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో సరిచూసుకోవాలి.

రెండు సిలిండర్లకు కలిపి ఒకే కాయిల్ ఉండే ఇంజిన్లూ ఉన్నాయి. వాటిలో 1, 4 సిలిండర్లకు ఒకటి, 2, 3 సిలిండర్లకు ఒకటి ఉంటాయి. పి0301, పి0304 జంటగా వస్తే ముందుగా ఆ ఉమ్మడి కాయిల్‌ను అనుమానించాలి.

9.4 నిలకడ లైటు, మిణుకు లైటు

చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే లోపం నమోదైందని అర్థం. త్వరలో పరీక్ష చేయించాలి. ఆగి ఆగి మిణుకుమంటే, అప్పుడే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేసేంత మిస్‌ఫైర్ జరుగుతోందని అర్థం. సిలిండర్‌లో మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది. ఆ వేడికి లోపలి సెరామిక్ దిమ్మె కరిగిపోవచ్చు. కాయిల్ ఖర్చుతో పోయే పని అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన కన్వర్టర్ దాకా వెళ్తుంది. లైటు మిణుకుమంటుంటే యాక్సిలరేటర్ తగ్గించి, భద్రమైన చోట బండి ఆపమని యజమానికి చెప్పాలి.

9.5 పరీక్షా క్రమం

1. యజమానిని అడగండి. వణుకు చల్లటి ఇంజిన్‌లోనా, వేడెక్కాకనా? వానలో తడిశాక, ఇంజిన్ కడిగించాక మొదలైందా?

2. కోడ్‌లనూ, ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలనూ రాసుకోండి. లోపం నమోదైన క్షణంలో ఇంజిన్ వేగం, లోడు, ఉష్ణోగ్రత ఎంతో అందులో ఉంటాయి. కోడ్ చెరిపితే అవీ చెరిగిపోతాయి.

3. కంటితో చూడండి. వదులైన కనెక్టర్, ఎలుకలు కొరికిన వైరు, ఊడిన వాక్యూమ్ గొట్టం, ప్లగ్ గుంతలో నీరు లేదా ఆయిల్ ఉన్నాయేమో గమనించండి.

4. ఇంజిన్ ఆపి, చల్లారాక కాయిళ్లను తారుమారు చేయండి. పి0302 వచ్చిన బండిలో 2వ కాయిల్‌ను 3వ సిలిండర్‌కు, 3వ దాన్ని 2వ సిలిండర్‌కు మార్చండి. కోడ్ చెరిపి మళ్లీ నడపండి. కోడ్ పి0303గా మారితే తప్పు కాయిల్‌దే. పి0302గానే ఉంటే కాయిల్ మంచిదే.

5. అప్పుడు ప్లగ్గును కూడా అలాగే మార్చి చూడండి. విప్పిన ప్లగ్గు చాలా చెబుతుంది. పొడి నల్లటి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది. ఆయిల్ తడి ఉంటే సిలిండర్‌లోకి ఆయిల్ దిగుతోంది. పింగాణీ మీద సన్నని గీత ఉంటే స్పార్క్ పక్కదారి పడుతోంది.

6. లోపం ఇంకా అక్కడే ఉంటే ఇంజెక్టర్‌ను, చివరగా కంప్రెషన్‌ను పరీక్షించండి.

హెచ్చరిక: ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ లేదా ప్లగ్ వైరు పీకి చూడటం పాత అలవాటు. ఆధునిక కాయిల్ వేల వోల్టుల విద్యుత్తునిస్తుంది. ఇలా చేస్తే మీకు షాక్ తగలవచ్చు, ఈసీయూ దెబ్బతినవచ్చు, దగ్గరలో పెట్రోల్ ఆవిరి ఉంటే మంట అంటుకోవచ్చు.

9.6 కోడ్ దారి తప్పించే సందర్భం

ఒక బండిలో పి0300, పి0171 కలిసి వచ్చాయనుకుందాం. మిస్‌ఫైర్ కోడ్ చూసి నాలుగు కాయిళ్లూ మార్చినా ఫలితం ఉండదు. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూడాలి. ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో అది చూపుతుంది. ఐడిలింగ్‌లో +22, 2500 చుట్ల దగ్గర +4 ఉందనుకుందాం. ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న ఇంజిన్‌లో ఇది సెన్సర్ దాటాక గాలి లీకవుతోందనడానికి గుర్తు. ఐడిలింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలి తక్కువ, వాక్యూమ్ ఎక్కువ. కాబట్టి చిన్న పగులు గుండా వచ్చే గాలి కూడా మొత్తంలో పెద్ద వాటా అవుతుంది. వేగం పెరిగితే ఆ వాటా తగ్గుతుంది. అందుకు భిన్నంగా, వేగం, లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే పెట్రోల్ ప్రెషర్‌ను పరీక్షించాలి. మొదటి సందర్భంలో కావలసింది కాయిల్ కాదు, ఒక రబ్బరు గొట్టం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. పి0303కు, పి0353కు తేడా ఏమిటి?
2. కోడ్ చెరిపే ముందు ఏమి రాసుకోవాలి?

9.7 సారాంశం

ఐడిలింగ్ వణుకు తరచుగా మిస్‌ఫైర్ వల్ల వస్తుంది. దానికి స్పార్క్, మిశ్రమం, కంప్రెషన్‌లలో ఏదైనా కారణం కావచ్చు. కోడ్ తప్పిన సిలిండర్‌నో, లోపమున్న సర్క్యూట్‌నో చూపుతుంది. కారణాన్ని పరీక్షతో తేల్చాలి. ఖర్చులేని పరీక్షలు ముందు, కొత్త భాగం చివర. మరమ్మతు పూర్తయ్యాక కోడ్ చెరిపి, బండి నడిపి, మళ్లీ స్కాన్ చేస్తేనే పని ముగిసినట్లు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – జవాబులు

1. పి0303 మూడో సిలిండర్ మండలేదని చెబుతుంది. కారణం ఏదైనా కావచ్చు. పి0353 మూడో కాయిల్ విద్యుత్ సర్క్యూట్‌లో లోపం ఉందని చెబుతుంది.
2. వచ్చిన కోడ్‌లన్నిటినీ, ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలనూ రాసుకోవాలి.

మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. కాయిళ్లను తారుమారు చేసి లోపాన్ని నిర్ధారించే పద్ధతిని వివరించండి.
2. చెక్ ఇంజిన్ లైటు మిణుకుమంటుంటే బండి నడపడం ఎందుకు ప్రమాదకరం?
3. ఫ్యూయల్ ట్రిమ్ ఆధారంగా గాలి లీకును ఎలా గుర్తిస్తారు?