నూలుపోగు పరీక్ష

కారు థర్మోస్టాట్ అంటే, ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని, అరచేతిలో ఇమిడే చిన్న వాల్వు. స్క్రూడ్రైవరుతో దాని నోరు కాస్త తెరిచి, సందులో నూలుపోగు పెట్టి వదిలాను. స్ప్రింగు గట్టిగా పట్టుకుంది. ఆ పోగుతోనే దాన్ని స్టవ్ మీది నీళ్లగిన్నెలోకి, అడుగు తగలకుండా వేలాడదీశాను. పక్కన థర్మామీటరు. వాల్వు మీద 82 అని ఉంది. పాదరసం 82 దాటిందో లేదో, నోరు తెరుచుకుంది, పోగు జారింది, వాల్వు టప్పున గిన్నె అడుగున పడింది.

ఈ పరీక్ష ఎందుకొచ్చిందంటే, హైదరాబాద్‌లో కొత్తగూడ ఫ్లైఓవర్ 2023 జనవరి 1న తెరవకముందు, అక్కడి సిగ్నల్ దగ్గర నా పాత కారు మరిగింది. ఒక మెకానిక్ థర్మోస్టాట్ పీకేసి, "మన ఎండలకు ఇది దండగ సార్" అన్నాడు. ఆ తర్వాత ఉష్ణోగ్రత ముల్లు పైకి లేవనే లేదు, మైలేజీ మాత్రం పడిపోయింది. చల్లటి ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. సిలిండరు గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, లోహం లోహంతో రాసుకుంటుంది. ఇంజనుకు వేడి శత్రువనుకుంటాం గానీ, చలి కూడా అంతే. అందుకే థర్మోస్టాట్ మళ్లీ పెట్టాలనుకున్నాను.

తొలి కార్ల వాళ్లకు వేడి బాధే కనిపించింది. 1888లో బెర్తా బెంజ్ మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు కారులో వెళ్తూ దారిపొడవునా నీళ్లు పోసుకుంటూనే ఉంది. 1901 మెర్సిడెస్‌కు ఇంజనీరు మేబాక్ 8,070 సన్న గొట్టాలతో తేనెపట్టు లాంటి రేడియేటర్ పెట్టాడు. మన చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం ఆర్డరిచ్చి 1911లో కన్నుమూస్తే ఏడో నిజాంకు దక్కిన ఊరేగింపు బండి అది. నడక వేగంతో పోయే బండికి ఎదురుగాలి ఉండదు, ఫ్యానే దిక్కు. ఫ్లైఓవర్ రాకముందు కొత్తగూడ ట్రాఫిక్‌లో మన అవస్థా అచ్చం అదే.

చలికాలంలో రేడియేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టుకున్న డ్రైవర్లే ఒక రకంగా తొలి థర్మోస్టాట్లు. 1914లో కాడిలాక్ వీ8 ఆ పనిని వాల్వుకు అప్పగించింది. 1930ల్లో సెర్జియస్ వెర్నెట్ మైనంతో నడిచే వాల్వు తెచ్చాడు. రాగిపొడి కలిపిన మైనం కరిగి ఉబ్బుతుంది, ఉక్కు సూదిని తోస్తుంది, నోరు తెరుచుకుంటుంది. కరెంటూ లేదు, కంప్యూటరూ లేదు. నాకు ఇంతకంటే ముచ్చటైన యంత్రం తెలియదు.

పరీక్షలో సగం ఇంకా మిగిలే ఉంది: చల్లారాక మూసుకోవాలి. మూసుకుంది. బిగించి, బండి స్టార్ట్ చేసి, రేడియేటర్ పైగొట్టం మీద చెయ్యి వేశాను. కొన్ని నిమిషాలు చల్లగానే ఉంది. ఉన్నట్టుండి వేలికింద వేడి పాకింది.