సముద్రతీర గృహమున ఉద్యానవనము: నాటదగినవి, నాటరానివి

విశాఖపట్నము నుండి భీమునిపట్నము వరకు గల తీరమార్గమున నేడు ఇండ్లు కట్టుకొనుచున్న వారి కోరిక ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నది. సెలవులకు వెళ్ళినప్పుడు రిసార్టులో చూచిన పచ్చిక, చిన్న కొలను, వరుసగా నిలిచిన కొబ్బరిజాతి చెట్లు, తీగల పందిరి, దాని క్రింద ఊయల తమ ఆవరణలోను ఉండవలెనని. ఈ కోరికలో తప్పేమియు లేదు. వాగ్భటాచార్యులు అష్టాంగహృదయమున గ్రీష్మ ఋతుచర్య చెప్పుచు, ఎండ చొరని ఎత్తైన వృక్షములు గల తోటలో మధ్యాహ్నవేళ విశ్రమించుటను విధించియున్నారు. అయితే రిసార్టుకు వచ్చిన అతిథి రెండు దినములుండి వెళ్ళిపోవును. గృహస్థు ఏడాది పొడవున అచ్చటనే ఊపిరి పీల్చవలెను. ఇంట ప్రాకెడు బిడ్డ ఉండును, ఉబ్బసముతో బాధపడు పెద్దలుందురు. కావున తోట వేయువారు నర్సరీకి పోవుటకు ముందు కొన్ని సంగతులు తెలిసికొనుట మంచిది.

మొదట గాలి సంగతి. తీరప్రాంతము ఆయుర్వేదరీత్యా ఆనూపదేశము. ఇచట కఫము ప్రబలము. తేమ గాలి ఇంటిలో నిలిచిపోయినచో జలుబు, ఆయాసము, చర్మవ్యాధులు గల వారికి బాధ హెచ్చును. కనుక చెట్లు గాలిని పూర్తిగా అడ్డగించరాదు, వడగట్టి విడువవలెను. సముద్రపు వైపున ఉప్పుగాలికి ఓర్చుకొను పొన్న, కానుగ, గంగరావి వరుసగా నాటుడు. ఈ మూడును మన తీరమునకు అలవాటైనవే. పొన్న ఏడాది పొడవున పచ్చగా ఉండును, పూవు సువాసన గలది. దాని గింజల నూనెను పూర్వము దీపములకును, కీళ్ళనొప్పులకు పైపూతగాను వాడెడివారు. ఈ వరుస వెనుక, ఇంటికి దగ్గరగా, సుకుమారమైన మల్లె, సన్నజాజి, పారిజాతము వేసికొనవచ్చును. మొగలిపొదను మాత్రము నడకదారికి దూరముగా ఉంచుడు. దాని ముండ్లు పిల్లల కాళ్ళకును, కన్నులకును అపాయము.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరమును తాకినప్పుడు గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి నగరములో అసంఖ్యాకముగా చెట్లు కూలినవి. పైకి గొడుగువలె అందముగా కనిపించుచు, కొమ్మ పెళుసుగా ఉండు తురాయి వంటి వృక్షములు ఇంటి గోడ ప్రక్కన నాటదగినవి కావు. కొబ్బరి గాలికి వంగి నిలుచును గాని, దాని క్రింద ఊయల కట్టుట, కుర్చీలు వేయుట తగదు. తుఫానులు వచ్చు అక్టోబరు, నవంబరు మాసములకు ముందుగనే ఎండుకాయలను, ఎండుమట్టలను దింపించవలెను.

ఆ తుఫాను అనంతరము త్వరగా పెరిగి నీడనిచ్చునని ఏడాకుల పాల చెట్టును నగర వీధులలోను, ఇండ్ల ముంగిళ్ళలోను విరివిగా నాటిరి. సంస్కృతమున ఇది సప్తపర్ణి. దీని పట్ట జ్వరములలో మేము వాడు ఓషధి, విషమజ్వరములకు ప్రసిద్ధమైనది. దీని చెక్కతో పూర్వము పిల్లలకు పలకలు చేసెడివారు, శాస్త్రీయ నామములోని ‘స్కాలారిస్’ అను పదము అందుండియే వచ్చినది. ఇంతటి మంచి చెట్టును గూర్చి ఆయుర్వేద వైద్యుడు కాదనుట మీకు వింతగా తోచవచ్చును. శరదృతువు రాగానే దీని పూలు గుత్తులు గుత్తులుగా విచ్చి, రాత్రివేళ ఘాటైన వాసనను విడుచును. ఒక చెట్టు దూరముగా నున్నచో ఆ వాసన కొందరికి ఇంపుగనే ఉండును. వీధి పొడవున వరుసగా నున్నచో తలనొప్పి, వికారము, ఊపిరి బిగయుట కలుగుచున్నవని విశాఖవాసులు మొరపెట్టుకొనుట పత్రికలలో పలుమార్లు వచ్చినది. అందులోను అది మంచు పడు కాలము, ఉబ్బసము తిరుగబెట్టు కాలము. పట్ట ఔషధమైనంత మాత్రమున పూవు పడకగది కిటికీ వద్ద ఉండవచ్చునను నియమము లేదు. ఇంట ఆయాసరోగి ఉన్నచో ఈ చెట్టును నాటకుడు. ఇదివరకే ఉన్నచో పూవు రాకముందే కొమ్మలు కత్తిరించి, ఆ మాసములలో రాత్రివేళ ఆ వైపు కిటికీలు మూయుడు. డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలరును మాత్రము ఎట్టి పరిస్థితిలోను మానరాదు.

ఇక గన్నేరు. ఉప్పుగాలికి జంకదు, నీరు అడుగదు, పశువు ముట్టదు, ఏడాది అంతయు పూయును. అందుచేతనే రిసార్టులలోను, రహదారుల నడుమను ఇది అంతటి విరివిగా కనిపించును. పశువు ఎందుకు ముట్టదో ఆలోచించినవారు తక్కువ. వేరు, ఆకు, పూవు, గింజ అన్నియు విషమే. ఆ విషము గుండె కొట్టుకొను లయను చెరచును. మా శాస్త్రమున కరవీరము ఉపవిషములలో చేరినది. శుద్ధి చేయనిదే వాడరాదు, అదియు ఎక్కువగా పైపూతలకే. గంటవంటి పూలు పూచు పచ్చగన్నేరు గింజ ఇంకను భయంకరము. 2024లో కేరళ రాష్ట్రమున ఒక యువతి గన్నేరు ఆకు, పూవు నమిలిన తరువాత మరణించినట్లు వార్తలు వచ్చిన మీదట, అచటి తిరువాన్కూరు, మలబారు దేవస్వం బోర్డులు నైవేద్య ప్రసాదములలో ఆ పూవును వాడరాదని నిషేధించినవి. కుండీలలో ముచ్చటగా పెంచు అడీనియం పాలు కూడ ఈ జాతి విషమే. వరండాలో పెట్టు డిఫెన్‌బాకియా ఆకు కొరికినచో నాలుక, గొంతు వాచును. సైకస్ గింజలు కాలేయమును చెరచును. ఇవి పసిపిల్లలున్న ఇంట ఉండదగవు.

ఎవరైనను గన్నేరు నమిలినట్లు అనుమానము కలిగినచో చింతపండు రసము, మజ్జిగ, ఉప్పునీరు అని కాలము గడుపకుడు. వాంతి చేయించు ప్రయత్నము కూడ వలదు. నమిలిన ఆకునో పూవునో వెంట తీసికొని, గుండె పరీక్ష చేయు సదుపాయము గల ఆసుపత్రికి తక్షణమే చేరవలెను. గృహవైద్యము గూర్చి వ్రాయు పత్రికలో ఇట్లు చెప్పుచున్నానంటే, దీనికి ఇంట చేయదగిన చికిత్స లేదు గనుకనే.

గన్నేరు స్థానమున కంచెగా వావిలి వేయుడు. ఆకులు మరిగించిన నీటితో స్నానము ఒంటినొప్పులకు మంచిది. బాలింతలకు వావిలాకు నీళ్ళు పోయుట మన ఇండ్లలో ఎరిగినదే. రంగు కావలెనన్నచో మందారము, నూరువరహాలు, నందివర్ధనము చాలును. పందిరికి శంఖపుష్పము, మల్లె. నీడపట్టున కర్పూరవల్లి, తడి ఉండు మూలన సరస్వతి ఆకు, ఎండలో కలబంద, నిమ్మగడ్డి. తిప్పతీగను పెంచవచ్చును గాని, పెరటిలో ఉన్నది కదా అని వైద్యుని అడుగకుండ నిత్యము కషాయము త్రాగరాదు.

పచ్చికకు వేలకు వేలు పోయుచున్నారు. బెర్ముడా గడ్డి అని అమ్మునది మన గరికయే! వినాయకపూజలో వాడు దూర్వ. ఉప్పునేలను ఓర్చును, త్రొక్కినను చావదు. రక్తపిత్తమున, ముక్కువెంట రక్తము కారునప్పుడు దీని రసమును వైద్యులు వాడుదురు. తెల్లవారుజామున దానిపై వట్టికాళ్ళతో నడచుట కన్నులకు చలువయని పెద్దలందురు. మధుమేహముతో పాదములు తిమ్మిరెక్కినవారు మాత్రము చెప్పులు లేకుండ నడువకుడు.

కొలను విషయమున అందరును నీటి శుభ్రతనే తలచెదరు. దోమ అంతకన్న అల్పస్థలమును వెదకును. డెంగ్యూ దోమ గుడ్డు నుండి రెక్కలు వచ్చుటకు వారము, పది దినములు చాలును. కుండీల క్రింది పళ్ళెములు, తీరమున మరీ ముఖ్యముగా త్రాగి పారవేసిన కొబ్బరిబోండములు, వీటిలోని నీటిని వారమునకొకసారి పారబోయవలెను. కలువలు, తామరలు వేసిన తొట్టిలో గప్పీ చేపలను విడిచినచో అవి దోమపిల్లలను తినివేయును.

ఇసుకనేలలో పోసిన నీరు క్షణములో ఇంకిపోవును. గుంతల అడుగున కొబ్బరిడొక్కలు పరచి, చెరువుమట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి నాటుడు. బోరునీరు ఉప్పగా మారిన చోట వాననీటిని పట్టి నిలువచేసికొనుట తప్పదు. ఈదురుగాలి వీచిన మరునాడు ఆకులను మంచినీటితో కడిగినచో మాడవు. సురపాలుని వృక్షాయుర్వేదమునకు నళినీ సాధలే గారు చేసిన ఆంగ్లానువాదము 1996లో సికింద్రాబాదు నుండి వెలువడినది; చెట్టుకు కూడ వాతపిత్తకఫములు చూచిన ఆ గ్రంథమును తోటపై మక్కువ గలవారు చదువవచ్చును.

నాటుటకు తొలకరి తరువాతి జూలై మాసము అనుకూలము. తుఫానుల నాటికి వేరు పట్టుకొనును. కాలిబాట అంచున వట్టివేరు దుబ్బులు అడుగుకొకటి చొప్పున వేయుడు. వాన ఇసుకను కొట్టుకొనిపోకుండ అవి పట్టియుంచును. ఏడాదిన్నర నాటికి వేరు త్రవ్వి, కడిగి, నీడన ఆరబెట్టుకొనవచ్చును. వేసవిలో త్రాగునీటి కుండలో ఒక పిడికెడు, మిగిలినది కిటికీ తడికకు.