కొట్టములోని కారు: ఉంచుకొనుటయా, అమ్ముటయా?

గృహమున వాడుక తగ్గిన వస్తువులను గూర్చి నిర్ణయము చేయు భారము తరచుగా స్త్రీల మీదనే పడుచుండును. అత్తగారినాటి ఇత్తడి గంగాళము, పెండ్లినాటి పట్టుచీర, మూలబడిన తిరుగలి, ఎవ్వరును పరుండని పందిరిమంచము, వీనిలో దేని నుంచవలెనో దేనిని తీసివేయవలెనో మనకు ఒకరు చెప్ప నక్కరలేదు. కాని ఇంటి యజమాని ముచ్చటపడి కొన్న యంత్ర మొకటి మిగిలినపుడు మాత్రము మన తెలివి తడబడును. దాని వెల మనకు తెలియదు. దాని రోగము తెలియదు. దానిని ముట్టినచో ఆయన జ్ఞాపకమును ముట్టినట్లుండును. అందుచేత చాల ఇండ్లలో అట్టి వస్తువు నిర్ణయము లేకయే యేండ్లు గడుపుచుండును. ఉంచుకొందమని యెవ్వరును అనరు, అమ్ముదమనియు అనరు.

అహోబిలమునకును ఆళ్లగడ్డకును నడుమ నొక గ్రామమున నేనెరిగిన కుటుంబములో ఇట్టి సమస్యయే వచ్చినది. ఆ యింటి యజమాని యౌవనమున నొక స్పోర్ట్సు కారు కొనెను. శాన్ స్టార్మ్ అని దాని పేరు. 1998లో గోవాకు చెందిన శాన్ మోటార్సు వారు విపణికి తెచ్చిన బండి యది. ఇద్దరు మాత్రమే కూర్చుండదగినది; ఒడలు ఇనుపరేకు కాక ఫైబరుతో చేయబడినది; ఇంజను రెనో వారిది. మన దేశమున తయారైన స్పోర్ట్సు కార్లు వ్రేళ్లపై లెక్కింపదగినవి, వానిలో నిదియొకటి. తయారీ నిలిచి చాలకాలమైనది. యజమాని చివరి మూడేండ్లు జబ్బుపడి, కాలధర్మము నొంది యిప్పటికి సంవత్సరము దాటినది. కడపటి యేట ఆ కారు కొట్టము నుండి వెలుపలికి వచ్చినది రెండే సారులు. కుమార్తెకు పైచదువునకు బెంగుళూరులో సీటు దొరికినది. ఆ నగరము నుండియే యొకరు కారును కొనెదమని కబురు పంపిరి. మరిది అమ్ముమనును, అత్తగారు వలదనును. ఇల్లాలికి ఎటును తోచలేదు.

మొదట ఆ బండి ఆ చోటికి తగునా యని చూడవలెను. స్పోర్ట్సు కారు నేలకు దగ్గరగా నుండునట్లు చేయబడును. వేగమున మలుపు తిరుగునపుడు తూలకుండుటకు అది గుణమే. కాని మన పల్లెదారులలో ఆ గుణమే దోషమగును. ఊరి మొగదల వేసిన ప్రతి దిమ్మయు దాని పొట్టను గీరును. దిగువ అహోబిలము నుండి ఎగువ అహోబిలమునకు ఎనిమిది కిలోమీటర్ల నల్లమల దారి. అంతవరకైనను కారు పోగలదు గాని, పావన నరసింహస్వామి సన్నిధికి జీపులే పోవలెను, జ్వాలా నరసింహస్వామిని సేవించుటకు కాలినడకయే శరణ్యము. బంధువులు నలుగురు వచ్చినచో ఇద్దరికి మాత్రమే చోటు. ధాన్యపు మూటకు చోటు లేనేలేదు. ఇట్లన్నంతమాత్రమున ముచ్చటకు విలువ లేదని కాదు. ఇంటికి వచ్చు ప్రతి వస్తువును మూటలు మోయుటకే రానక్కరలేదు. ఆయన ఆ కారులో భార్యను కూర్చుండబెట్టుకొని పండువెన్నెలలో ఆళ్లగడ్డ దాక పోయి వచ్చిన దినములను ఆమె యిప్పటికిని చెప్పుకొనును. అది లెక్కలోనికి రావలసినదే.

అయితే, 'ఊరక పడియున్నది, తిండి యడుగునా?' యను మాట యొకటి కలదు. యంత్రముల విషయమున నిది సరిగాదు. నడువని కారు నడచుదాని కన్న త్వరగా చెడును. బ్యాటరీ, కారు నిలిచియున్నను, కొంచెము కొంచెముగా శక్తి కోల్పోయి కొన్ని వారములలో చచ్చును. ఒకే చోట నెలల తరబడి బరువు మోసిన టైర్లు అడుగున చదునై, ఎండకు పగుళ్లు వారును; మన సీమ వేసవిలో చెప్పనే అక్కరలేదు. టైరును అరుగుదలను బట్టియే కాక వయస్సును బట్టియు మార్చవలెను. బ్రేకు పళ్లెములు త్రుప్పు పట్టును. చేతిబ్రేకు బిగించి నెలలు విడిచినచో అది అట్లే పట్టుకొని పోవచ్చును. చక్రములకు చెక్కదిమ్మలు అడ్డువేసి బ్రేకు వదలుట మేలు. పెట్రోలు సంగతి మరియొకటి. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలుపుట సాగినది. ఇథనాలు తేమను పీల్చుకొను స్వభావము కలది. నెలలకొలది టాంకీలో నిలిచినచో నీరు చేరి లోపల త్రుప్పు పుట్టించును. పాతబండ్లలోని రబ్బరు గొట్టములు దానికై చేయబడినవి కావు. ఇక ఎలుకలు! కొట్టములో శనగలును కారును కలిసియున్న యింట ఎలుకలకు శనగలు భోజనము, తీగలు ఫలహారము. ఫైబరు ఒడలు త్రుప్పు పట్టదని ఆ యింటివారు ధైర్యముగా నుండిరి. కాని దాని క్రింది చట్రము ఇనుమే గదా.

వారమున కొకసారి ఇంజనును ఐదు నిమిషములు మ్రోగించి ఆర్పివేసిన చాలునని కొందరు తలంతురు. అది ఉపకారము కాదు. ఇంజను పూర్తిగా వేడెక్కక మునుపే ఆర్పుటచే లోపల తేమ నిలుచును, బ్యాటరీకి పోయిన శక్తియు తిరిగి రాదు. పక్షమున కొకసారి యైనను అరగంట సేపు దారిమీద నడపినప్పుడే బండి బ్రదికియుండును. అనగా కారును ఉంచుకొనుట యనగా దానిని నడుపు మనిషిని గూడ ఉంచుకొనుట. ఆ యింట నడుపువారెవ్వరు? మరిదికి తీరికలేదు. తల్లికిగాని కుమార్తెకుగాని ఎవ్వరును నేర్పలేదు. ఇంటి స్త్రీలు తాళము త్రిప్పుట యెరుగని బండి వారికి ఆస్తి యెట్లగును?

ఇల్లాలు ఒక పని చక్కగా చేసినది. చాకలిపద్దు వ్రాయు నోటుపుస్తకములోనే నాలుగేండ్ల కారుపద్దును వ్రాసి చూచెను. కారు రిజిస్ట్రేషను పదునైదేండ్ల వరకే చెల్లును; పిమ్మట ఐదేండ్ల కొకసారి తనిఖీ చేయించి పొడిగించుకొనవలెను. పదునైదేండ్లు దాటిన కారుకు ఈ రుసుము 2022 నుండి 5,000 రూపాయలాయెను. ఇరువదేండ్లు దాటినవానికి 2025లో 10,000 చేసిరి. 1000 మొదలు 1500 సీసీ వరకు గల సొంత కారుకు ఇతరుల నష్టమునకై చేయవలసిన బీమా, 2022లో నిర్ణయించిన మేరకు, ఏటికి 3,416 రూపాయలు, పన్ను వేరు. బీమా లేక దారిమీదికి తెచ్చినచో 2,000 రూపాయల జరిమానాయు, మూడు నెలల వరకు కారాగారమును చట్టమున నున్నవి. ఇవిగాక బ్యాటరీ, టైర్లు, మెకానిక్కును పట్టణము నుండి రప్పించిన కూలి. మొత్తము 62,000 రూపాయలు తేలినది. ఆ నాలుగేండ్లలో కారు తిరిగినది 310 కిలోమీటర్లు. కిలోమీటరునకు రెండువందల రూపాయలు! ఈ అంకె చూచిన పిమ్మట మరిది వాదించుట మానెను. ఆయనకిక వాదింప నవసరము లేకపోయెను.

అత్తగారి వాదము వేరు. 'స్వామివారి గరుడవాహనము మాత్రము ఏటి కెన్నిసారులు బయలుదేరును? దానిని అమ్మిరా?' యని ఆమె యడిగెను. నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదిది. అహోబిలమున ఫాల్గుణ బ్రహ్మోత్సవములలో వెడలు వాహనములు తక్కిన కాలమంతయు మండపములోనే యుండును. పారువేట పల్లకియు అంతే. కనుమనాడు బయలుదేరి నలువది దినములకు మించి చుట్టుప్రక్కల గ్రామములు తిరిగి, మరల ఏడాది వరకు విశ్రమించును. కాని ఆ పల్లకికి బయలుదేరు దినము నిశ్చయము, మోయు బోయీలు నిశ్చయము, ఏ ఊరిలో ఎవరి మర్యాద యేదో నిశ్చయము. అరుదుగా కదలుట వేరు, దిక్కులేక పడియుండుట వేరు. మన కారుకు ఏ దినము గలదు, ఏ బోయీ గలడు అని చూచుకొన్నచో అత్తగారి ప్రశ్నకు జవాబు దొరకును.

ఈ సందర్భమున హైదరాబాదు నిజాముగారి పసుపుపచ్చ రోల్సురాయిసు జ్ఞప్తికి వచ్చును. ఆరవ నిజాము మహబూబు అలీఖాను దానిని తయారుచేయ నాజ్ఞయిచ్చి, అది చేతికందక మునుపే 1911లో స్వర్గస్థుడయ్యెను. వెనుక భాగమున సింహాసనము వంటి యెత్తైన ఆసనము గల ఆ సిల్వరు ఘోస్టు కారు 1912లో సిద్ధమై ఏడవ నిజాము ఉస్మాను అలీఖానునకు చేరినది. ఉత్సవ సమయములందు తప్ప ఆయన దాని నెక్కలేదు. మొత్తము మీద 356 మైళ్లు మాత్రమే తిరిగినదని చెప్పుదురు. అంత తక్కువ తిరిగినంత మాత్రమున అది చెక్కుచెదరకుండ నిలువలేదు. చాలకాలము మూలబడి, పిమ్మట ఎంతో శ్రమతో బాగుచేయబడి, ఇప్పుడు చౌమహల్లా ప్రాసాదమున చూపరులకు కనువిందు చేయుచున్నది. దానిని నిలుపుటకు ఒక సంస్థానపు సంపద కావలసి వచ్చినది. శనగపంట మీద బ్రదుకు ఇంటికి ఆ మార్గము లేదు.

పాతబడిన కొలది ధర పెరుగునని ఆశ పెట్టువారును గలరు. 2021లో కేంద్ర ప్రభుత్వము వింటేజి వాహనములకు ప్రత్యేక నిబంధనలు చేసినది. తొలి రిజిస్ట్రేషను నుండి ఏబదేండ్లు దాటిన బండ్లకే ఆ గౌరవము. క్రొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయల రుసుము. ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప నిత్యము నడుప వీలులేదు. ఈ కారునకు ఆ యోగ్యత వచ్చుటకు ఇంకను ఇరువదేండ్లకు పైగా కాచియుండవలెను. బంగారమైనచో పెట్టెలోనే యుండి పెరుగునేమో! కారు పెట్టెలో నుండి తరుగును.

ఇక అమ్మదలచిన వారు, ముఖ్యముగా భర్తను కోల్పోయిన సోదరీమణులు, తప్పక తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. యజమాని పేరున నున్న కారును ఆయన మరణానంతరము తాళముచెవి యిచ్చినంత సులభముగా అమ్మరాదు. మరణించిన ముప్పది దినములలో రవాణా కార్యాలయమునకు తెలిపి, మూడు నెలలలో ముప్పది యొకటవ నమూనా దరఖాస్తుతో బండిని వారసుల పేరునకు మార్పించుకొనవలెను. వీలునామా లేనప్పుడు, 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము భార్యకును, బిడ్డలకును, మృతుని తల్లికిని సమాన భాగములు గలవు. కావున అత్తగారి సమ్మతి మర్యాదకొరకే కాదు, చట్టము కొరకును కావలెను. 'కాగితములు తరువాత చూచుకొందము, ముందు బండి యిండు' అను కొనుగోలుదారుని నమ్మరాదు. రిజిస్ట్రేషను ఎవరి పేరున నున్నదో వారే ప్రమాదములలో నష్టపరిహారమునకు బాధ్యులని 2018లో సుప్రీముకోర్టు నవీన్‌కుమార్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యములో కారు చేతులు మారి చేతులు మారి పోయినది, పేరు మాత్రము మొదటివానిదే మిగిలినది. బండి ఎక్కడనో ఎవ్వరినో గ్రుద్దును, తాఖీదు మన గుమ్మమునకు వచ్చును.

మన యిల్లాలు ఆలస్యపు రుసుము కట్టి మొదట కారును తన పేరునకు మార్పించుకొనెను. అత్తగారు సంతకము పెట్టుటకు రెండు నెలలు పట్టినది. ఆ రెండు నెలలలో ఆమెను ఎవ్వరును తొందరపెట్టలేదు. అది ఆ యింటివారి పెద్దతనము. బెంగుళూరు వారు వచ్చి, అట్టి బండి నింకొకదానిని బాగుచేసిన అనుభవము తమకు గలదని చెప్పి, చట్రము క్రింద పరుండి పరీక్షించి, అడిగిన ధరలో కొంత తగ్గించి కొనిరి. ఆ తగ్గింపు న్యాయమే. త్రుప్పు కండ్లకు కనబడుచున్నది. పేరు మారిన కాగితపు నకలు చేతికందిన తరువాతనే ఆమె మిగిలిన సొమ్ము తీసికొని బండిని విడిచినది. సొమ్ములో అత్తగారి భాగమును ఆమె పేరున బ్యాంకులో వేసిరి. మిగిలినది కుమార్తె రెండేండ్ల చదువునకు సరిపోవును. కుమార్తె సెలవులలో ఆళ్లగడ్డలో కారు నడుపుట నేర్చుకొనుచున్నది.