ఒక డిస్కులో సగం… ఇంకో డిస్కులో సగం!

కృష్ణుడు రాయబారానికి బయలుదేరాడు. కిరీటం సర్దుకున్నాడు. చెయ్యెత్తి పద్యానికి రాగం తీశాడు… అంతే! తెరమీద బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోయింది.

ఆ కృష్ణుడు ఎన్టీ రామారావు గారు కాదండోయ్! మా పెదనాన్న. పగలు భవానీపురంలో కిరాణా కొట్టు, రాత్రి స్టేజీమీద కిరీటం – ఇదీ ఆయన డబుల్ రోల్! 1987లో తిరునాళ్లకి ఆడిన రాయబారం సీనును ఎవరో పుణ్యాత్ములు వీడియో కేసెట్టుమీద పట్టారు. 2006లో దాన్ని ఓ షాపులో డీవీడీ చేయించాం. రెండు కాపీలు. ఒకటి పెద్దమ్మ బీరువాలో, రెండోది బందరులో ఉండే అక్కయ్య దగ్గర. తర్వాత కేసెట్టు బూజుపట్టి పోయింది. పెదనాన్నా పోయారు. ఆయన గొంతంటూ మిగిలింది ఆ రెండు డిస్కుల్లోనే.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి బెజవాడ మీద పడింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు సృష్టించింది. సింగ్‌నగర్ సంగతి లోకమంతా చూసింది. భవానీపురంలో పల్లపు వీధులూ మునిగాయి. నీళ్లు తీశాక పెద్దమ్మ బీరువా తెరిస్తే పట్టుచీరలు, దస్తావేజులు, డిస్కు – అన్నిటిదీ ఒకటే రంగు!

పెద్దమ్మ చీరల మాట ఎత్తలేదు. “ఒరే, మీ పెదనాన్న మళ్లీ పాడతారంటావా?” అని మాత్రం అడిగింది.

ప్రింటు లేని సినిమా

ఈ ప్రశ్న సినిమాలకి కొత్త కాదు. మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి. సినిమా అభిమాని అన్నవాడికి ఈ రెండు ముక్కలూ కంఠతా వచ్చు. కానీ ఆ సినిమా చూద్దామంటే? ప్రింటు లేదు! పాత రోజుల్లో ఆట ముగిసిన ప్రింట్లను వెండి కోసం కరిగించేసేవారు. వెండితెర వేల్పులు అలా వెండి ముద్దలైపోయారు.

రామారావు గారు బెజవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో చదివే రోజుల్లో, విశ్వనాథ సత్యనారాయణ గారు నాటకంలో నాగమ్మ వేషం ఇస్తే, మీసం మాత్రం తియ్యనన్నారట. ‘మీసాల నాగమ్మ’ అని పేరొచ్చింది. ఆ ముచ్చట ఈనాటికీ చెప్పుకుంటాం. కానీ ఆ నాగమ్మని చూసే భాగ్యం మనకేదీ?

అంతటి వారికే అలా అయితే, కిరాణా కొట్టు కృష్ణుడి గతేమిటి చెప్పండి?

కుర్రాడు రంగప్రవేశం!

మా అక్కయ్య కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడే ఈ కథలో హీరో. బందరు డిస్కు పట్టుకుని బస్సెక్కి వచ్చేశాడు. అదైనా బాగుందా అంటే… మేడమీద గదిలో ఎండ తగిలే షెల్ఫులో పద్దెనిమిదేళ్లు ఉంది పాపం! మొదటి అరగంట బ్రహ్మాండం. తర్వాత అదీ నత్తినత్తిగా మాట్లాడింది.

“అమ్మమ్మా, కంగారు పడకు. తాతయ్య రెండు చోట్లా పోలేదు. ఇక్కడ కొంత, అక్కడ కొంత ఉన్నాడు” అన్నాడు వాడు.

ముందు బురద డిస్కుని మంచినీళ్లతో, కాస్త సబ్బు నురగతో కడిగాడు. మెత్తటి నూలు గుడ్డతో మధ్యనుంచి అంచుకి తిన్నగా తుడిచాడు. గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదట. అలా తుడిస్తే పడే గీత డేటా పోయే దారి వెంటే పడి, వరసగా బోలెడంత తినేస్తుంది. అడ్డంగీత అయితే ఏ చోటికాచోట కొంచెమే పోతుంది.

డీవీడీకి ఓ అదృష్టం ఉంది. దాని మందం 1.2 మిల్లీమీటర్లు. అందులో 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బిళ్లలు రెండింటి మధ్య డేటా పొర భద్రంగా దాక్కుంటుంది. సీడీకి ఆ రక్షణ లేదు. పేరు రాసే వైపు గీసుకుపోతే అంతే సంగతులు!

ఇమేజి అంటే ఫొటో కాదు

“డిస్కులోని ఫైళ్లు లాగి కాపీ చేసుకుంటే పోదా?” అన్నాను నా తెలివి చూపిస్తూ.

“సినిమా వాళ్లు మీరే అలా అంటే ఎలా మావయ్యా! ఫైళ్లు కాపీ చేయడమంటే రీళ్లు విడివిడిగా ఎత్తుకెళ్లడం. ఇమేజి అంటే నెగెటివ్‌నుంచి డూప్ నెగెటివ్ తీయడం” అన్నాడు.

విషయం ఏమిటంటే – డీవీడీ నిండా చిన్న చిన్న గళ్లుంటాయి. వీటిని సెక్టార్లంటారు. ఒక్కో సెక్టారులో 2048 బైట్లు. మామూలు 4.7 జీబీ డిస్కులో దాదాపు 23 లక్షల సెక్టార్లు! మొదటి గడి నుంచి చివరి గడి దాకా వరస తప్పకుండా చదివి, మొత్తాన్ని ఒకే ఫైలుగా దించితే అదే డిస్క్ ఇమేజి. పేరు చివర ‘ఐఎస్ఓ’ అని ఉంటుంది. మెనూ, సీన్ల విభజన, అన్నీ ఉన్నవి ఉన్నట్టే వస్తాయి.

మంచి డిస్కయితే విండోస్‌లో ‘ఇమ్‌గ్‌బర్న్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. జబ్బుపడిన డిస్కుకి మాత్రం ‘డీడీరెస్క్యూ’ అనే వైద్యుడు కావాలి. ఇది చదవలేని చోట మొండిగా ఆగదు. బాగున్న భాగాలన్నీ ముందు దించేసి, ఎక్కడెక్కడ ఖాళీలున్నాయో ఓ చిట్టాలో రాసుకుంటుంది. తర్వాత ఆ ఖాళీల దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్తుంది.

అసలు ట్విస్టు ఇక్కడుంది! షాపువాళ్లు ఆ రెండు డిస్కులూ ఒకే ఇమేజి నుంచి రాశారు. అంటే దీంట్లో లక్షో గడిలో ఏముందో దాంట్లో లక్షో గడిలోనూ అదే. మావాడు ముందు భవానీపురం డిస్కు చదివించాడు. ఆనక అదే చిట్టాతో బందరు డిస్కు పెట్టాడు. ఇక్కడ చెరిగింది అక్కడ దొరికింది! రాత్రంతా డ్రైవు గురకపెడుతూనే ఉంది. తెల్లారేసరికి ఖాళీలన్నీ నిండాయి – రెండు డిస్కుల్లోనూ పాడైన ఒక్క చిన్న ముక్క తప్ప.

కాల్చడమా? రాయడమా?

ఇమేజిని మళ్లీ ఖాళీ డిస్కుకి ఎక్కించడాన్ని ఇంగ్లీషులో ‘బర్నింగ్’ అంటారు. మన కుర్రాళ్లు ‘రైట్ చేయడం’ అంటారు. రెండూ నిజమే! ఎర్రటి లేజరు కిరణం డిస్కులోని రంగు పొరని వేడి చేసి మచ్చలు పెడుతుంది. ఆ మచ్చలే రాత. అదే ఎండకి ఆ పొర మెల్లగా చెడిపోతుంది. బందరు డిస్కుకి పట్టిన తెగులు ఇదే.

మీ ఇంట్లోనూ అమ్మానాన్నల పెళ్లి డిస్కు ఉంటుంది కదూ? అయితే ఇవి గుర్తుంచుకోండి:

• ఈమధ్య వచ్చే లాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు డ్రైవు ఉండదు. యూఎస్‌బీకి తగిలించే డ్రైవు తెచ్చుకోండి.

• నిండు డిస్కు ఇమేజి 4 జీబీ దాటుతుంది. పెన్‌డ్రైవు ‘ఫ్యాట్32’ పద్ధతిలో ఉంటే అంత ఫైలుని తీసుకోదు. ‘ఎక్స్‌ఫ్యాట్’ చేయండి. ముందు దాంట్లో ఉన్నవి వేరేచోట దాచుకోవాలి సుమా!

• రాసేముందు ఇమేజిని వీఎల్‌సీ ప్లేయర్‌లో చివరిదాకా చూడండి.

• ఐఎస్ఓ ఫైలుని డిస్కులోకి మామూలుగా లాగి పడేయకండి. ‘ఇమేజిని రైట్ చేయి’ అన్న ఆజ్ఞే ఇవ్వాలి. లేకపోతే డీవీడీ ప్లేయరు దాన్ని సినిమాగా గుర్తించకపోవచ్చు.

• 16 రెట్ల వేగంతో అయిదారు నిమిషాల్లో అయిపోతుంది. కానీ తొందరేముంది? 4 రెట్ల వేగానికి పావుగంటే. రాశాక ‘వెరిఫై’ మాత్రం తప్పనిసరి.

• ఒక కాపీ ఇంట్లో, ఇంకోటి వేరే ఊళ్లో, మరోటి హార్డ్‌డిస్కులో. ఒక్క వరదకి మూడూ పోవు.

ఒక్క మాట. ఇదంతా మన ఇంటి వీడియోల సంగతి. కొన్న సినిమా డిస్కులకి తాళాలుంటాయి. కాపీరైటు హక్కులు దెబ్బతీయడానికి ఆ తాళం పగలగొట్టడం 2012 సవరణ తర్వాత మన చట్టం ప్రకారం నేరం. కాపీలు తీసి పంచడం సినిమాకి సేవ కాదు, నష్టం!

క్లైమాక్స్

మర్నాడు సాయంత్రం పెద్దమ్మ కుర్చీ టీవీ ముందు వేశాం. కొత్త డిస్కు తిరిగింది. కిరీటం, నెమలి ఈక, ఎత్తిన చెయ్యి… ఈసారి రాగం తెగలేదు. పద్యం పూర్తయింది. తిరునాళ్ల జనం ఈలలు వేశారు. వీధిలో పోయేవాళ్లు ఇద్దరు గుమ్మంలో నిలబడ్డారు.

చివరి పద్యం మధ్యలో బొమ్మ ఒక్క క్షణం ఆగింది. రెండు డిస్కుల్లోనూ పోయిన ముక్క అదే. మావాడి మొహం చిన్నబోయింది. “అది మాత్రం దొరకలేదు అమ్మమ్మా” అన్నాడు.

పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

“పోనీలే నాన్నా. అక్కడ ఆయన ఎప్పుడూ గుక్క తిప్పుకునేవారు!”