తాతగారి ఫ్యాన్ ఆగిపోయిందా? తూకానికి వేసే ముందు ఇవి చూడండి

సెలవులకు పిల్లలు ఊరెళ్లినప్పుడు అటక మీది సామాన్లు కిందికి దిగడం మామూలే. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ లాంటి ఊళ్లలో ఉద్యోగం చేసి రిటైరైన పెద్దవాళ్ల ఇళ్లలో అయితే ఆ సామాన్లలో ఒక పాత టేబుల్ ఫ్యాన్ ఉండే అవకాశం ఎక్కువ. పోత ఇనుము బాడీ, కొన్నిటికి ఇత్తడి రెక్కలు, ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. "దాని మోటారు ఎప్పుడో కాలిపోయింది బిడ్డా" అంటారు తాతగారు. పాత సామాన్లు కొనే అతను ఇత్తడిని, రాగిని తూకం వేసి ఎంతో కొంత ఇస్తాడు. అక్కడితో ఆ ఫ్యాన్ పని అయిపోతుంది.

ఫిజిక్స్ చెప్పేవాడిగా నా మాట ఒకటే. "మోటారు కాలిపోయింది" అన్నది చాలాసార్లు పరీక్ష చేయకుండా ఇచ్చిన తీర్పు.

ఫ్యాన్ మోటారులో నిజంగా కాలిపోయేది వైండింగ్. అంటే, పైన ఎనామిల్ పొర పూసిన సన్నని రాగి తీగ చుట్లు. టేబుల్ ఫ్యాన్‌లో ఈ చుట్లు కదలకుండా బయటి వైపు ఉంటాయి, లోపలి భాగం తిరుగుతుంది. సీలింగ్ ఫ్యాన్‌లో దీనికి తలకిందులు: చుట్లు లోపల స్థిరంగా ఉంటాయి, బయటి డొప్ప తిరుగుతుంది. రెండింటిలోనూ తిరిగే భాగానికి ఏ వైరూ కలపరు. నికోలా టెస్లా 1888లో పేటెంట్ పొందిన ఇండక్షన్ మోటారు సూత్రం ఇదే. అరిగిపోయే కార్బన్ బ్రష్షులు లేవు కాబట్టే ఇవి దశాబ్దాలు నడుస్తాయి. (బ్రష్షులు కనిపిస్తే అది డీసీ కరెంటు కాలం నాటి ఫ్యాన్ కావచ్చు. దాన్ని ఇంటి ప్లగ్గులో పెట్టకుండా ముందు మెకానిక్‌కు చూపించండి.)

ప్లగ్గు పూర్తిగా పీకేసి, రెక్కను చేత్తో తిప్పి చూడండి. బరువుగా తిరిగితే తప్పు వైండింగ్‌ది కాదు, బుష్‌లో ఎండి జిగురైన నూనెది. మన ఇళ్లలో ఫ్యాన్‌కు కొబ్బరినూనె వేసే అలవాటు ఒకటుంది. ఆదిలాబాద్ చలికి సీసాలో గడ్డకట్టే నూనె బుష్‌లో మాత్రం ఎందుకు గడ్డకట్టదు? ఆ జిగురును కిరోసిన్‌తో కడిగించి, కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు వేయిస్తే ఎన్నో "కాలిపోయిన" ఫ్యాన్లు లేచి తిరుగుతాయి. జామైన మోటారుకు అలాగే కరెంటు ఇస్తూ పోతే మాత్రం అది నిజంగానే కాలిపోవచ్చు.

తర్వాత వైరు. తల తిప్పే ఫ్యాన్‌లో మెడ దగ్గర వైరు రోజూ అటూ ఇటూ వంగి వంగి లోపల తెగుతుంది. పాత రబ్బరు తొడుగైతే ముట్టుకుంటే పొడిగా రాలుతుంది. సీలింగ్ ఫ్యాన్ హమ్ అని మూలుగుతూ, కర్రతో నెట్టితే తిరుగుతోందంటే అనుమానం కండెన్సర్ మీద. సాధారణంగా అది 2.5 మైక్రోఫారడ్లది, మార్చడం చిన్న పని. అయితే స్విచ్ తీసేసినా అందులో కరెంటు కొంతసేపు నిలిచి ఉండొచ్చు, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. రెగ్యులేటర్ చెడినా నింద మోటారు మీదే పడుతుంది.

ఇవన్నీ బాగున్నాయంటే అప్పుడు వైండింగ్ సంగతి. సీలింగ్ ఫ్యాన్ నుంచి మూడు వైర్లు వస్తాయి: కామన్, రన్నింగ్, స్టార్టింగ్. మల్టీమీటర్‌తో కామన్–రన్నింగ్ మధ్య 250 ఓములు, కామన్–స్టార్టింగ్ మధ్య 300 వచ్చాయనుకుందాం. రన్నింగ్–స్టార్టింగ్ మధ్య దాదాపు 550 రావాలి. శ్రేణి సంధానంలో నిరోధాలు కూడుకుంటాయి. పదో తరగతి పిల్లలు పరీక్షలో రాసేది ఇదే. ఏ జతకైనా రీడింగే రాకపోతే ఎక్కడో తీగ తెగింది. బాడీకి కరెంటు దిగుతోందో లేదో మెకానిక్ మెగ్గర్‌తో చూస్తారు. ఏళ్ల తరబడి తేమ పట్టిన వైండింగ్ కూడా మెగ్గర్‌లో ఫెయిలవుతుంది. దాన్ని విప్పి రెండు రోజులు మన ఏప్రిల్ ఎండలో పెట్టించి, మళ్లీ చూడమనండి. బాగుంటే వార్నిష్ పట్టించడంతో సరిపోవచ్చు.

రీవైండింగ్ తప్పదంటే షాపులో ఒక్క మాట గట్టిగా చెప్పండి: పాత చుట్లు కోసి పారేయకుండా, లెక్కపెట్టి రాసుకోమని. ఎన్ని కాయిల్స్, ఒక్కోదానికి ఎన్ని చుట్లు, తీగ ఏ గేజు. కొత్త ఫ్యాన్ల లెక్క మెకానిక్‌లకు నోటికి వస్తుంది, పాత విదేశీ ఫ్యాన్ లెక్క ఆ చుట్లలో తప్ప వేరే చోట దొరకడం కష్టం. నా దగ్గరి ఒక ఫ్యాన్‌కు లెక్కపెట్టకుండానే చుట్లు కోసేశారు. అందాజాగా చుట్టిన కొత్త వైండింగ్ అరగంటలో పొగ వదిలింది. అది ఇప్పుడు అలంకారానికే.

కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి వైపు మనకున్న సౌకర్యం ఏమిటంటే, వ్యవసాయ మోటార్ల పుణ్యమా అని చేయి తిరిగిన వైండింగ్ మెకానిక్‌లకు కొదవ లేదు. కాకపోతే యాసంగి పొలాలకు నీళ్లు పారే రోజుల్లో వెళ్తే మీ ఫ్యాన్ మూలకే. రైతు మోటారే ముందు, అదే న్యాయం కూడా.

కరెంటు ఆదా అవుతుందని మాత్రం చెప్పను. మామూలు పాత సీలింగ్ ఫ్యాన్ 70–80 వాట్లు తింటే, ఇప్పటి బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దరిదాపుల్లో తిరుగుతుంది. రోజంతా వేసుకోవడానికి కొత్తదే మేలు. పాతది బాగు చేయించేది తాతగారి కోసం, ఇత్తడి రెక్కల కోసం.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంకో మూడు విషయాలు. పాత టేబుల్ ఫ్యాన్ల జాలీ సందులు వెడల్పు, చిన్న చేయి సులువుగా దూరుతుంది. రెక్క ఇత్తడిదో ఇనుముదో, ప్లాస్టిక్ కాదు. లోపల సన్న జాలీ బిగించండి, లేదా అందని ఎత్తులో పెట్టండి. రెండు పిన్నుల ప్లగ్గు తీసేసి, బాడీకి ఎర్త్ వైరు కలిపిన మూడు పిన్నుల ప్లగ్గు వేయించండి. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, దాన్ని పిల్లల చేత గీకించవద్దు.

బాగై ఇంటికొచ్చాక మొదటి రెండు గంటలు దగ్గరే ఉండి నడపండి. తర్వాత ప్లగ్గు పీకి మోటారు మీద చేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చేయి ఆనించలేనంత వేడిగా ఉంటే మళ్లీ షాపుకే. పదో తరగతి పిల్లలు మెకానిక్ దగ్గర ఆ మూడు ఓముల రీడింగులు రాసుకుని జూన్‌లో తెస్తే, ల్యాబులో కూడి చూద్దాం.